పళ్లు లేని దవడకు స్థిరమైన పళ్లవరుస: లోపలి చట్రం దేనితో చేయించుకోవాలి?

పళ్లన్నీ ఊడిపోయిన మనిషి కోల్పోయేది నమిలే శక్తి ఒక్కటే కాదు. మాటలోని స్పష్టత, ముఖంలోని నిండుదనం, పదిమందితో కలిసి పంక్తిలో కూర్చొని భోజనం చేసే ధైర్యం కూడా తగ్గిపోతాయి. జొన్నరొట్టె, జామపండు, వేరుశెనగలు, పచ్చి కూరలు ఒకదాని తరువాత ఒకటి విస్తరి నుంచి తప్పుకుంటాయి. మెత్తని అన్నం, మజ్జిగ, ఉప్మాలతో రోజులు వెళ్లదీసేవారికి పీచు పదార్థం, మాంసకృత్తులు చాలినంత అందక మలబద్ధకం, నీరసం తోడవుతాయి. కనుక దంతనష్టాన్ని వయసు వలన వచ్చినదేనని ఊరుకోదగిన విషయంగా భావించరాదు.

మన ప్రాచీన వైద్యులు దంతాలను అస్థులలో భాగంగానే పరిగణించారు. సుశ్రుతుడు ఎముకలను ఐదు తరగతులుగా విభజించి దంతాలకు ‘రుచకాస్థులు’ అని ప్రత్యేక నామం ఇచ్చాడు. ముఖరోగాలు 65 అని లెక్కించి, వాటిలో దంతమూలాలను ఆశ్రయించేవి 15 అని చెప్పాడు. తైల గండూషం వలన దవడలకు, కంఠస్వరానికి బలం చేకూరుతుందని చరకుని ఉపదేశం. పళ్లు ఉన్నంతకాలం వాటిని కాపాడుకొనడానికి ఈ దినచర్య ఎంతో మేలైనది. అయితే పళ్లన్నీ పోయిన తరువాత నూనె పుక్కిలించినంత మాత్రాన దవడ ఎముక తిరిగి పెరగదు. ఈ మాట కొందరికి నిరుత్సాహం కలిగించవచ్చు గాని, లేని ఆశ కల్పించడం వైద్యం అనిపించుకోదు.

పన్ను ఉన్నంతవరకు నమిలే ఒత్తిడి వేరు ద్వారా ఎముకకు చేరి దానికి వ్యాయామం కలిగిస్తుంది. పన్ను పోగానే ఆ పని లేక ఎముక క్రమంగా అరిగిపోతుంది. కట్టుడు పళ్లు ధరించినవారిని 25 సంవత్సరాలపాటు గమనించి 1972లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ పరిశీలనలో, కింది దవడ పైదవడ కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగిపోయినట్లు తేలింది. పైసెట్టు అంగిలిని కరుచుకొని నిలబడగా, కిందిసెట్టు మాత్రం నాలుక కదిలినప్పుడల్లా లేచిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఎన్ని సెట్లు మార్చినా కింది పళ్లు నిలవడం లేదని బాధపడే పెద్దలు ప్రతి ఇంటా కనబడతారు.

ఇటువంటి వారికి ఇంప్లాంట్లు, అనగా ఎముకలో నాటే లోహపు వేర్లు, ఒక మార్గం చూపాయి. స్వీడన్ దేశీయుడైన పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలలో టైటానియం గొట్టాలు అమర్చి రక్తప్రసరణను పరిశీలించాడు. పని పూర్తయ్యాక వాటిని తీయబోగా అవి ఎముకతో ఏకమై ఊడి రాలేదు. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం వేర్లు నాటాడు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సమావేశం తరువాత ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా ఆమోదం లభించింది. నేడు మన జిల్లా కేంద్రాలలో సైతం ఇది జరుగుతున్నది.

చికిత్సకు వెళ్లేవారు సాధారణంగా ఎన్ని ఇంప్లాంట్లు వేస్తారు, అవి ఏ దేశపువి, ఎంత ఖర్చు అవుతుంది అనే మూడు ప్రశ్నలే అడుగుతారు. నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. నాటిన వేర్లను కలుపుతూ పళ్లవరుసను మోసే చట్రం దేనితో చేస్తారు? పైకి కనబడని ఈ చట్రం మీదనే పళ్లవరుస ఎన్నాళ్లు మన్నుతుంది, విరిగితే బాగుపడుతుందా, మొత్తం మార్చవలసి వస్తుందా అనే విషయాలు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

చట్రం చేసే పని

ఇంటి నిర్మాణంతో పోల్చి చూస్తే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఎముకలో నాటిన వేర్లు స్తంభాలు. వాటిపై అడ్డంగా వేసిన దూలం చట్రం. పైన కనబడే పళ్లు, గులాబీ రంగు చిగురు గోడపూత వంటివి. పూత పెచ్చు ఊడితే తిరిగి పూయవచ్చు. దూలం వంగినా, పగిలినా ఇల్లంతా కదిలించక తప్పదు.

మంచి చట్రానికి మూడు లక్షణాలు కావాలి. మొదటిది బిగువు. నమిలే ఒత్తిడికి చట్రం వంగినట్లయితే ఆ భారమంతా ఒకే స్తంభం మీద పడుతుంది. ముఖ్యంగా చివరి ఇంప్లాంటును దాటి వెనుకకు చాచి ఉన్న దవడపళ్ల భాగం, ఇంటి ముందు చాచిన చూరు వలె, ఎక్కువ లాగుడుకు గురవుతుంది. అందుచేతనే వైద్యులు ఆ భాగాన్ని ఒకటి రెండు పళ్లకు మించనీయరు. రెండవది శరీరానికి సరిపడే గుణం. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. చట్రం ఏ బలవంతమూ లేకుండా ఇంప్లాంట్లన్నిటి మీద ఒకేసారి కూర్చోవాలి.

ముక్కాలిపీట ఎటువంటి నేల మీదనైనా కదలక నిలుస్తుంది. నాలుగు కాళ్ల పీటకు ఒక కాలు కాస్త పొట్టిదైతే ఊగుతుంది. ఆ పీటను మేకులతో నేలకు బిగించి ఊగకుండా చేశామనుకుందాం. ఊగడం ఆగుతుంది గాని, చెక్కలో లాగుడు అట్లే మిగిలిపోతుంది. నోటిలోనూ ఇంతే. సహజమైన దంతానికి, ఎముకకు నడుమ ఒక మెత్తని స్నాయుపొర ఉన్నందున చిన్న తేడాలకు పన్ను సర్దుకొంటుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. అది ఎముకతో ఏకమై ఉన్నది. సరిగా కూర్చోని చట్రాన్ని స్క్రూలతో బిగిస్తే ఆ లాగుడు రాత్రింబవళ్లు పనిచేస్తూ, స్క్రూలు వదులు కావడానికి, కొన్నిసార్లు విరగడానికి దారితీస్తుంది. ఖరీదైన లోహంతో చేసినంత మాత్రాన ఈ దోషం పోదు. సరిగా కూర్చొన్న చవక చట్రం సరిగా కూర్చోని ఖరీదైన చట్రం కంటె ఎన్నో రెట్లు మేలు.

బంగారం నుంచి టైటానియం దాకా

బ్రానెమార్క్ కాలంలో చట్రాలను బంగారు మిశ్రమ లోహంతో పోత పోసేవారు. పద్ధతి మన కంసాలులకు, దేవతా విగ్రహాలు పోసే స్థపతులకు తెలిసినదే. మైనంతో ఆకారం చేసి, దానిచుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. బంగారు మిశ్రమం చక్కగా పోతకు లొంగుతుంది, తుప్పు పట్టదు. దానిమీద ఆక్రిలిక్ పళ్లు అమర్చిన కింది పళ్లవరుసలు దశాబ్దాలపాటు పనిచేసిన ఉదాహరణలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. కాని పోత లోహం చల్లారేటపుడు కుంచించుకుపోతుంది. ఒక పన్ను తొడుగులో ఆ తేడా తెలియదు. ఒక దవడ మూల నుంచి రెండవ మూల వరకు సాగే చట్రంలో అది బయటపడుతుంది. అపుడు చట్రాన్ని ముక్కలుగా కోసి, నోటిలో సరిచూసి, తిరిగి అతకవలసి వచ్చేది. దీనికి తోడు బంగారం ధర మధ్యతరగతి కుటుంబానికి అందని ఎత్తుకు చేరినందున ఈ పద్ధతి నేడు దాదాపు చరిత్రలోకి వెళ్లింది.

ధర తగ్గించడానికి వచ్చినది కోబాల్ట్-క్రోమియం. ఇది టైటానియం కంటె సుమారు రెండు రెట్లు బిగువైనది. చట్రాన్ని సన్నగా చేసినా వంగదు. చవక. దాదాపు ప్రతి ఊరి దంత ల్యాబులోనూ దీనితో పనిచేయడం తెలుసు. లోపం బరువు, పోతలో వచ్చే కుంచింపు. రెండవ లోపాన్ని ఇటీవలి యంత్రాలు చాలావరకు సరిదిద్దాయి. లోహపు పొడిని లేజరు కిరణంతో పొరలు పొరలుగా కరిగించి పేర్చే పద్ధతిలోనూ, గట్టి దిమ్మ నుంచి యంత్రంతో చెక్కే పద్ధతిలోనూ చేసిన కోబాల్ట్-క్రోమియం చట్రం పాత పోత చట్రం కంటె మెరుగుగా కూర్చొంటుంది. ‘కోబాల్ట్’ అనగానే చవక సరుకు అని తీసిపారవేయడం న్యాయం కాదు. ఎట్లు చేశారని అడగాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గిల్టు నగలు, గడియారపు పట్టీ బిళ్ల, జీన్సు గుండీ తగిలిన చోట దురద, దద్దుర్లు వచ్చేవారు మనలో అనేకులు ఉన్నారు, స్త్రీలు మరీ ఎక్కువ. అది సాధారణంగా నికెల్ అనే లోహం పడకపోవడం వలన కలుగుతుంది. కొన్ని చవక దంత మిశ్రమాలలో నికెల్ ప్రధాన లోహం. కోబాల్ట్ కూడా కొందరికి పడదు. ఈ స్వభావం ఉన్నవారు చికిత్సకు ముందే వైద్యునికి తప్పక తెలియజేయాలి.

టైటానియం విషయానికి వస్తే, వేర్లకు వాడే లోహంతోనే చట్రమూ చేయాలన్న ఆలోచన సహజమే. గాలి తగలగానే దానిపై ఏర్పడే సన్నని ఆక్సైడు పొర దానిని తుప్పు నుంచి కాపాడుతుంది. ఎలర్జీ చాలా అరుదు. తేలిక. ఒక ఘన సెంటీమీటరు టైటానియం సుమారు 4.5 గ్రాములు తూగగా, కోబాల్ట్-క్రోమియం 8.4 గ్రాముల వరకు, పళ్లకు వాడిన బంగారు మిశ్రమాలు ఇంచుమించు 15 గ్రాములు తూగుతాయి. చట్రం మూడు ఘన సెంటీమీటర్లు ఉన్నదనుకొంటే టైటానియంలో అది సుమారు 13.5 గ్రాములు, కోబాల్ట్-క్రోమియంలో 25, బంగారు మిశ్రమంలో 45 గ్రాములు. చివరిది పాత లెక్కన నాలుగు తులాలకు దగ్గర! పైదవడకు అమర్చేటపుడు ఈ తేడా కొందరికి తెలుస్తుంది, కింది దవడలో అంతగా తెలియదు.

టైటానియానికి ఉన్న పెద్ద ఇబ్బంది పోతకు లొంగకపోవడం. అది సుమారు 1,668 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆ వేడిలో గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని పెళుసెక్కుతుంది. అందువలన దీనిని దిమ్మ నుంచి చెక్కవలసిందే. నోటి అచ్చును కంప్యూటరుకు ఎక్కించి, దాని ప్రకారం యంత్రంతో చెక్కే విధానం రావడంతో ఈ చిక్కు తీరింది. పోత లేదు గనుక కుంచింపు లేదు. చట్రం ఇంప్లాంట్ల మీద చక్కగా కూర్చొంటుంది. మరొక లాభం మరమ్మతు. చట్రంపై అమర్చిన ఆక్రిలిక్ పళ్లు కాలక్రమంలో అరుగుతాయి, అపుడపుడు ఒకటి ఊడుతుంది. ఇది ఈ పళ్లవరుసలలో తరచు ఎదురయ్యే ఇబ్బంది. కాని స్క్రూలు విప్పి, ల్యాబుకు పంపి, పళ్లు మార్పించి, ఆ చట్రాన్నే తిరిగి బిగించవచ్చు. స్తంభాలు, దూలం చెక్కుచెదరవు.

జిర్కోనియా: అందం, కాఠిన్యం, ఒక చిక్కు

ఇటీవల పట్టణాలలో ఎక్కువగా వినబడుతున్న పేరు జిర్కోనియా. ఇది లోహం కాదు, పింగాణీ జాతి పదార్థం. తెల్లగా ఉంటుంది కనుక చిగురు పలుచనైన చోట నల్లని నీడ కనబడదు. ఆక్రిలిక్ వలె వాసనలు పీల్చదు, పసుపు, కాఫీల మరక అంతగా పట్టదు. మెరుగుపెట్టిన జిర్కోనియాపై పాచి తక్కువగా నిలుస్తుంది. పళ్లు, చిగురు, చట్రం అన్నీ ఒకే దిమ్మలో చెక్కి రంగు వేయగలగడం దీని ప్రత్యేకత.

తయారీ విధానం ఆసక్తికరమైనది. సుద్దముక్క వలె మెత్తగా ఉన్న దిమ్మ నుంచి, కావలసిన కొలత కంటె 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కుతారు. తరువాత 1,500 డిగ్రీల ప్రాంతపు వేడిలో కాలుస్తారు. అపుడది కుంచించుకొని అసలు కొలతకు వచ్చి రాయి వలె గట్టిపడుతుంది. కుమ్మరి కుండ ఆవంలో కాలినట్లే. ఎంత కుంచించుకొంటుందో ముందుగా లెక్క కట్టడంలోనే ల్యాబు నైపుణ్యమంతా ఉన్నది.

దీని చిక్కు కూడా కుండ చిక్కే. లోహం అవసరమైతే కాస్త వంగుతుంది, పింగాణీ జాతి వంగదు, పగులుతుంది. జిర్కోనియా సాధారణ పింగాణీ కంటె ఎంతో దృఢమైనది, దానిలో పగులు పాకకుండా అడ్డుకొనే గుణం కూడా ఉన్నది. అయినా వెనుకకు చాచిన భాగంలోనో, స్క్రూ రంధ్రం దగ్గర గోడ పలుచనైన చోటనో పగులు వస్తే అతకడానికి వీలు లేదు. పళ్లవరుస మొత్తం మళ్లీ చేయించవలసిందే, ఖర్చు మొత్తం మళ్లీ పెట్టవలసిందే. పైపూతగా వేసిన పింగాణీ పెచ్చులుగా రాలడం ఈ పద్ధతి తొలి రోజులలో పెద్ద బాధగా ఉండేది. పైపూత లేకుండా ఒకే దిమ్మలో చేయడం వలన అది తగ్గింది. పైకీ, కిందికీ రెండూ జిర్కోనియా వరుసలే అయితే నమిలేటపుడు టకటక చప్పుడు వస్తుందని కొందరు చెబుతారు. అలవాటు పడనివారికి ఇది చిన్న బాధ కాదు.

మన ఇళ్లకు సంబంధించిన మరొక సంగతి. అన్నంలో రాయి తగలగానే సహజ దంతం క్షణంలో పసిగట్టి దవడను ఆపుతుంది. ఆ గ్రహింపు పంటి చుట్టూ ఉన్న స్నాయుపొరది. ఇంప్లాంట్లపై పళ్లు ఉన్నవారికి ఆ పొర లేదు గనుక గ్రహింపు మందగిస్తుంది. రాయి పూర్తి బలంతో నలుగుతుంది. ఆక్రిలిక్ పన్ను అయితే గాటు పడుతుంది, పింగాణీ అయితే పెచ్చు రాలవచ్చు. బియ్యం ఏరడం, పప్పు చెరగడం ఈ ఇళ్లలో మానరాదు. చెరకు గడ కొరకడం, మామిడి టెంక చీకడం, సకినాలను ముందుపళ్లతో పటుక్కున విరవడం మాత్రం ఏ చట్రం ఉన్నవారైనా మానవలసిందే.

తేలికైన కొత్త పదార్థం

‘పీక్’ అనే పేరుగల ఒక గట్టి ప్లాస్టిక్ 1990ల నుంచి వెన్నెముక శస్త్రచికిత్సలలో వాడుకలో ఉన్నది. పళ్లచట్రాలకు దానిని వాడడం ఆ తరువాతి విషయం. ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములే తూగుతుంది. లోహం పడనివారికి ఉపయోగం. నమిలే దెబ్బను కొంత మింగుతుందని దీనిని సమర్థించేవారు అంటారు. అయితే దీని బిగువు టైటానియం కంటె ఎంతో తక్కువ. చట్రం లావుగా చేయాలి, వెనుకకు చాచిన భాగం బాగా తగ్గించాలి. బంగారం, టైటానియం చట్రాల వెనుక ఉన్నన్ని సంవత్సరాల అనుభవం దీనికి ఇంకా లేదు. అరవై ఏళ్ల వయసులో ఇరవై ఏళ్ల కొరకు చేయించుకొనే పళ్లకు దీనిని మొదటి ఎంపికగా సూచించడానికి మనసొప్పదు.

‘ఒక్క రోజులో పళ్లు’

2003లో పోర్చుగల్‌కు చెందిన పౌలో మాలో, నాలుగే ఇంప్లాంట్లతో దవడ అంతటికీ పళ్లు అమర్చి వెంటనే నమలనిచ్చే పద్ధతిని ప్రచురించాడు. వెనుక రెండు ఇంప్లాంట్లను ఏటవాలుగా నాటడం ఇందులోని కిటుకు. ఎముక తక్కువగా ఉన్నవారికి ఇది మేలు చేసింది. మన నగరాలలో ‘ఒక్క రోజులో పళ్లు’ అని కనబడే ప్రకటనలు ఎక్కువగా ఈ పద్ధతివే.

పాఠకులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ మొదటి రోజున బిగించేది సాధారణంగా చట్రం లేని ఆక్రిలిక్ పళ్లవరుస. ఎముక ఇంప్లాంట్లతో ఏకమయ్యే మూడు నాలుగు నెలల వరకు అది తాత్కాలికం. ఆ తరువాతనే లోపల చట్రం గల శాశ్వతమైన వరుస చేయాలి. కొందరు ఆ మొదటి వరుసనే శాశ్వతమని భావించి ఏళ్ల తరబడి వాడతారు, అది నడిమికి విరిగినపుడు ఆశ్చర్యపోతారు. మరికొందరికి రెండవ దశ ఖర్చు వేరుగా ఉంటుందని ఎవరూ ముందు చెప్పరు. చెప్పిన మొత్తంలో శాశ్వత వరుస కలిసి ఉన్నదా, దాని చట్రం ఏ పదార్థం, పోత పోసినదా, చెక్కినదా అనే విషయాలు రాతపూర్వకంగా తీసుకొనడంలో మొగమాటం అక్కరలేదు.

ఎవరికి ఏది?

వివిధ పదార్థాలను పోల్చిన అధ్యయనాలను కలిపి చూసినపుడు, ఇంప్లాంట్లు ఎముకలో నిలబడే విషయంలో చట్రపు పదార్థం వలన చెప్పుకోదగిన తేడా కనబడలేదు. తేడా వచ్చేది మరమ్మతుల స్వభావంలో. ఆక్రిలిక్ పళ్లు గల లోహపు చట్రానికి చిన్న మరమ్మతులు తరచు వస్తాయి, జిర్కోనియాకు అరుదుగా వస్తాయి గాని వస్తే పెద్దవి. తన స్తోమతకు, ఓపికకు ఏది తగినదో చూసుకోవాలి.

ఎముక బాగా అరిగి, పై, కింది దవడల మధ్య ఎడం ఎక్కువగా ఉన్నవారికి చెక్కిన టైటానియం చట్రంపై ఆక్రిలిక్ పళ్లు ఉత్తమమని ఈ రచయిత అభిప్రాయం. కోల్పోయిన ఎముక, చిగురు భాగాన్ని గులాబీ ఆక్రిలిక్ తేలికగా నింపుతుంది. ఈ అమరికకు చిగురు నుంచి పంటి కొన వరకు ఇంచుమించు 12 నుంచి 15 మిల్లీమీటర్ల చోటు కావాలి. అంత చోటు లేనివారికి జిర్కోనియా వంటిది ఆలోచించవలసి వస్తుంది. ఎదుటి దవడలో మామూలు కట్టుడు సెట్టు ఉన్నవారికి నమిలే బలం తక్కువ కనుక జిర్కోనియా కోసం అప్పు చేయవలసిన పని లేదు. రాత్రి నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవారు ఆ సంగతి దాచకూడదు. ఏ చట్రం వేసినా వారికి రాత్రివేళ ధరించే తొడుగు అవసరం.

ఇంతటి ఖర్చు వద్దనుకొనేవారికి మరొక మార్గం ఉన్నది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లు లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్లు నాటి, వాటికి గుండీల వలె పట్టుకొనే తీసిపెట్టుకొనే సెట్టును అమర్చడమే మొదటి ఎంపిక కావాలని ప్రకటించారు. ఆ సెట్టును రాత్రి తీసి శుభ్రం చేసుకోవచ్చు. చేతులు వణికే వృద్ధులకు, వారిని చూసుకొనే కోడళ్లకు, కూతుళ్లకు ఇదే సులభం. దీనిలో కూడా ఆక్రిలిక్ లోపల సన్నని లోహపు జాలకం పెట్టిస్తే ఇంప్లాంట్ల దగ్గర చిట్లడం తగ్గుతుంది. ఇది అడిగి పెట్టించుకోవలసిన విషయం.

మధుమేహం అదుపులో లేనివారు ముందుగా దానిని అదుపునకు తెచ్చుకోవాలి. చుట్ట, బీడీ, గుట్కాలు ఇంప్లాంట్లకు శత్రువులు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోటిలోపలికి ఉంచి అడ్డచుట్ట కాల్చే అలవాటు ఇంకా ఉన్న పెద్దమ్మలు, తాతలు ముందు అంగిలిని పరీక్ష చేయించుకోవాలి, పళ్ల సంగతి తరువాత. ఎముకల బలహీనతకు మాత్రలు, ఇంజక్షన్లు వాడుతున్నవారు వాటి చీటీ దంతవైద్యునికి చూపాలి. వాటిలో కొన్ని మందుల వలన దవడ ఎముక మానడం ఆలస్యమవుతుంది.

ఇంటి వైద్యం ఎంతవరకు?

పళ్లవరుస బిగించిన తరువాత దాని అడుగుభాగానికి, చిగురుకు మధ్య ఆహారం చేరుతుంది. అక్కడ పాచి పేరుకొంటే ఇంప్లాంటు చుట్టూ వాపు, చీము, క్రమంగా ఎముక క్షీణత కలుగుతాయి. వేపపుల్ల సహజ దంతాలకు మంచిదే గాని ఈ సందులోకి వెళ్లదు. దాని పీచు ముక్క విరిగి చిగురులో గుచ్చుకొనే ప్రమాదం కూడా ఉన్నది. సందులు తోమే సన్నని బ్రష్షు, స్పంజి వంటి మందపాటి దారం రోజుకొకసారి అయినా వాడాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చికబూడిద, గరుకు పళ్లపొడులు ఆక్రిలిక్‌ను గీరి, ఆ గీతలలో పాచి నిలిచేట్లు చేస్తాయి. వాటిని పూర్తిగా మానాలి.

గోరువెచ్చని ఉప్పునీటితోనో, వడకట్టిన త్రిఫల కషాయంతోనో భోజనానంతరం పుక్కిలించడం చిగుళ్లకు హితకరం. త్రిఫల వగరు ఆక్రిలిక్‌కు కొద్దిగా రంగు పట్టించవచ్చు గనుక వెంటనే మంచినీటితో కడుక్కోవాలి. ఉదయం నువ్వుల నూనెతో గండూషం నిరభ్యంతరంగా చేయవచ్చు. అయితే శస్త్రచికిత్స జరిగిన మొదటి వారంలో గట్టిగా పుక్కిలించరాదు. లవంగ నూనె మాత్రం ఇంప్లాంటు చుట్టూ పెట్టవద్దు. లేత చిగురు కాలడమే కాక, నొప్పి అణగడం వలన అసలు రోగం లోపల పెరుగుతుంది. కుట్లు మానిన తరువాత ఇంప్లాంటు దగ్గర నొప్పి, రక్తస్రావం, నమిలేటపుడు ‘టిక్కు’ మన్న కదలిక కలిగితే ఇంటిలో ఉపచారం చేయరాదు. స్క్రూ వదులైనపుడు ఒక పూటలో బిగించగలిగే పనిని నెలలు సాగదీస్తే స్క్రూ విరిగి, దానిని బయటికి తీయడమే పెద్ద ప్రయాస అవుతుంది.

సంవత్సరానికి ఒకసారైనా వైద్యుడు పరీక్షించి, అవసరమైతే పళ్లవరుసను విప్పి శుభ్రం చేసి, తిరిగి బిగించాలి. ఇంప్లాంటు ఏ కంపెనీది, దాని కొలత ఎంత, పైన బిగించిన స్క్రూ ఏ రకం, చట్రం ఏ పదార్థం అనే వివరాలు ఒక చీటీ మీద వ్రాయించుకొని ఆధార్ కార్డుతోపాటు భద్రపరచండి. ఒక్కొక్క కంపెనీ స్క్రూకు ఒక్కొక్క పనిముట్టు ఉంటుంది. హైదరాబాదులో పళ్లు కట్టించుకొని ఆరునెలలు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వచ్చే తల్లిదండ్రులకు అక్కడ స్క్రూ వదులైతే, ఈ చీటీ ఉన్నవారి పని అక్కడి వైద్యునికి సులభమవుతుంది. చీటీ లేనివారి విషయంలో ఎక్స్‌రే తీసి, అది ఏ కంపెనీదో పోల్చుకొనడంతోనే ఆయనకు సగం రోజు గడిచిపోతుంది.